కడపలో ఉండి పిల్లల కోసం బొమ్మల మాయాకథలు అచ్చువేయించిన నా అనుభవం

పిల్లల కోసం మాయలూ మంత్రాలూ ఉన్న కథలను బొమ్మలతో వరుస పుస్తకాలుగా తీసుకురావాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వారి మొదటి ప్రశ్న ఖర్చు గురించి, రెండవ ప్రశ్న ముద్రణ గురించి. పిల్లలు ఆ పుస్తకాన్ని చివరిదాకా ఎందుకు చదువుతారు, తరువాతి భాగం ఎప్పుడని ఎందుకు వెంటపడతారు అన్నది మాత్రం దాదాపు ఎవరూ అడగలేదు. నా కాలం ఎక్కువగా తీసుకున్నది ఆ మూడవ ప్రశ్నే. నేను కడపలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. 2022 జూలైలో మొదటి పేజీ రాసినప్పటి నుంచి 2025 ఫిబ్రవరిలో రెండవ పుస్తకం చేతికి వచ్చేవరకు జరిగినదాన్ని రూపాయల లెక్కలతో సహా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కథకు మూలం మా ప్రాంతానిదే. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండలను చీల్చుకుని బయటపడే చోట గండి వీరాంజనేయస్వామి క్షేత్రం ఉంది. రాముడు లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండలకూ నడుమ బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణపు మొనతో బండ మీద ఆంజనేయుని రూపం గీసి చిటికెన వేలు మాత్రం పూర్తిచేయకుండా వదిలాడని అక్కడి స్థలపురాణం. ఆ తోరణం ఇప్పటికీ ఉందని, పుణ్యాత్ములకే కనిపిస్తుందని, కనిపించినవారు ఎక్కువ కాలం బతకరని కూడా చెబుతారు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో అంతకు ముందు గండిలో ఆ తోరణాన్ని చూశాడన్న మాట మా వైపు పెద్దల నోట తరచుగా వినబడుతుంది. చావు సంగతి ఎనిమిదేళ్ళ పిల్లల కథకు వద్దనిపించి దాన్ని ఇలా మార్చుకున్నాను: తోరణం కనబడిన పిల్ల దాని కింద నుంచి నడిస్తే కొండ అడుగున ఉన్న పట్టణంలోకి వెళుతుంది, కానీ దాటిన ప్రతిసారీ ఒంటి మీదో చేతిలోనో ఉన్న వస్తువు ఒకటి అక్కడ వదిలిపెట్టాలి. గంగి అనే పదేళ్ళ పిల్ల, చంటి అనే ఆరేళ్ళ తమ్ముడు, మాట్లాడే కలివికోడి అనే పక్షి ఒకటి, ఈ ముగ్గురితో మూడు పుస్తకాలు అనుకున్నాను.

ఆగస్టుకు మొదటి మూడు అధ్యాయాలు పూర్తయ్యాయి. పట్టణంలోని ఒక ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు నాకు పరిచయస్థురాలు. వారానికొకసారి లైబ్రరీ పీరియడులో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కథ చదివి వినిపించడానికి, జిరాక్సు కాగితాలిచ్చి వాళ్ళ చేత చదివించడానికి ఆమె ఒప్పుకున్నారు. బాగుందా అని అడిగితే పిల్లలు మర్యాద కోసం బాగుందనే అంటారు, దానివల్ల మనకు తెలిసేదేమీ ఉండదు. అందుకని అడగడం మానేసి, ఎక్కడ కాళ్ళు ఊపడం మొదలైందో, ఎక్కడ పక్కవాడి పెన్సిలు మీదికి చెయ్యి పోయిందో కాగితం అంచున గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. గుర్తులు దాదాపు అన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి. కొండ కింది పట్టణాన్ని ఎవరు కట్టారు, అది ఎన్ని వందల ఏళ్ళనాటిది, అక్కడి రాజవంశం పేరేమిటి అని నేను మురిసిపోతూ వర్ణించిన రెండు పేజీలు అవి. అద్భుతకథ రాసే పెద్దలకు ఆ లోకపు చరిత్ర ముందుగా చెప్పేయాలనే తొందర ఉంటుంది, పిల్లలకేమో గంగి మేక ఎటు పోయిందో కావాలి. ఆ రెండు పేజీలనూ తీసేసి, తప్పిపోయిన మేక మెడలోని గంట కొండ లోపలి నుంచి వినబడటంతో కథ ఎత్తుకున్న వారం, ఎప్పుడూ చివరి బల్ల వదలని ఒక అబ్బాయి లేచి వచ్చి ముందు వరుసలో నేల మీద కూర్చున్నాడు. పట్టణపు చరిత్ర ఆ తరువాత గంగికి అవసరం పడిన చోటల్లా ఒక్కొక్క వాక్యంగా వచ్చింది. అలా వచ్చినప్పుడు అదే పిల్లలు దాన్ని గుర్తుపెట్టుకుని మరుసటి వారం నాకే అప్పజెప్పారు.

నియమం విషయంలో వాళ్ళ పట్టుదల చూసి ఆశ్చర్యపోయాను. మొదటి అధ్యాయంలో గంగి జడ రిబ్బను వదిలింది, రెండవదానిలో ఒక కాలి చెప్పు వదిలింది. నాలుగవ అధ్యాయంలో రాతితలల కావలివాళ్ళు తరుముతుండగా ఆమె తోరణం కిందుగా పరుగెత్తి బయటపడే ఘట్టం ఉంది. పరుగు వేగం తగ్గకూడదని వస్తువు సంగతి అక్కడ ఎత్తలేదు. చదవడం పూర్తయ్యీ కాకముందే ఐదో తరగతి అమ్మాయి లేచి, "ఏం వదిలింది మేడమ్?" అని అడిగింది. తరువాత వస్తుందని చెప్పబోతే తరగతి మొత్తం ఒప్పుకోలేదు. ఏమీ వదలకపోతే గంగి బయటికి రాకూడదు, అంతే. ఇక వాదన మొదలైంది. చేతిలో మేకను కట్టిన తాడు ఉంది కదా, అది వదలాలని కొందరు, తాడు వదిలితే మేక పారిపోతుందని మరికొందరు, అయితే మేకనే వదిలేయాలని ఒక కర్కోటకుడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. చివరికి వాళ్ళ వాదనే ఘట్టమైంది, గంగి తాడు అక్కడ పడేసి మేకను చంకనెత్తుకుని దాటుతుంది. మాయ ఎంత గొప్పదైనా పిల్లలకు దాని మీద ఆశ్చర్యం కొద్దిసేపే ఉంటుంది. ఆ మాయకు ఒక ధర ఉండి, అది ప్రతిసారీ కచ్చితంగా వసూలవుతుంటే మాత్రం వాళ్ళు ముందుగానే లెక్కలు వేయడం మొదలుపెడతారు, గంగి దగ్గర ఇంకా ఏమేమి మిగిలాయో నోటు పుస్తకం వెనక రాసుకుంటారు, ఫలానా చోట ఫలానాది వదిలితే బాగుండేదని సలహాలిస్తారు. నా పుస్తకాలను పిల్లలు వదలకుండా పట్టుకున్నారంటే దానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం.

భాష సంగతి కూడా అక్కడే తేలింది. ఇప్పుడు మా ప్రభుత్వ పాఠశాలల్లో పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటున్నాయి. నేను చూసిన పిల్లల్లో చాలామంది తెలుగును కూడబలుక్కుని చదివేవారే. ఒత్తుల మీద ఒత్తులున్న మాట దగ్గరో, పొడుగాటి సమాసం దగ్గరో ఆగిపోతారు, ఆగినచోటే కథను కూడా వదిలేస్తారు. అందువల్ల ఒక పేజీలో కఠినమైన మాట ఒకటికి మించకుండా, వాక్యం పది మాటలు దాటకుండా మొత్తం తిరగరాశాను. ఇక్కడి నా వాక్యాలు చూస్తున్నవారికి ఆ పని నాకెంత కష్టమైందో వేరుగా చెప్పనక్కరలేదు. సంభాషణలు మాత్రం మా జిల్లా పలుకుబడిలోనే ఉంచాను. "యాడికి పోతాండావు?" అని చంటి అడిగితే పక్క జిల్లాల పిల్లలకు ఏం అర్థమవుతుందని ఒక మిత్రుడు అభ్యంతరపెట్టారు. చంటి మాటల వంతు తమకే రావాలని పిల్లలు పోట్లాడుకుని గట్టిగా చదవడం విన్నాక మార్చబుద్ధి కాలేదు. తరువాత విజయవాడలోనూ ఆ మాటల దగ్గర ఎవరూ తడబడలేదు.

2022 నవంబరులో బొమ్మలు వేసే మనిషి దొరికారు. ఆయన అనంతపురం వైపు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విరమించినవారు. 1947లో చందమామను ప్రారంభించిన నాగిరెడ్డి గారిది మా కడప జిల్లాయేనని గర్వంగా చెప్పుకుంటారు, ఆ పత్రికలో పేజీ పేజీకీ ఉండే బొమ్మలు చూసి చేయి తిప్పడం నేర్చుకున్న తరం ఆయనది. నిండు పేజీ బొమ్మకు 1,500 రూపాయలు, అరపేజీకి 700, అట్టకు 4,000 అనుకున్నాం. మొదటి పుస్తకానికి పన్నెండు నిండు పేజీలు, పద్నాలుగు అరపేజీలు, అట్ట కలిపి 31,800 అయింది, సగం ముందుగా ఇచ్చాను. రెండు పేజీల ఒప్పందం రాసుకున్నాం. అట్ట మీద ఆయన పేరు నా పేరంత పెద్దదిగా ఉండాలి. అసలు బొమ్మలు ఆయన సొత్తు. మళ్ళీ అచ్చువేసినప్పుడల్లా ఆయనకు కొంత వాటా ఇవ్వాలి. పెన్సిలు దశలో ఎన్ని మార్పులు అడిగినా ఉచితం, రంగులు వేశాక మాత్రం ఒక్కొక్క మార్పుకు 500 రూపాయలు. ఈ చివరి షరతు ఆయనే పెట్టించారు. అప్పుడు కొంచెం నొచ్చుకున్నాను కానీ మా స్నేహం నిలిచింది దానివల్లనే. ఎవరితో బొమ్మలు వేయించుకున్నా ముందుగా కాగితం మీద పెట్టుకోమని గట్టిగా చెబుతాను.

మూడు నెలల్లో ఇస్తానన్నారు. చివరి బొమ్మ 2023 జూన్‌లో వచ్చింది. మధ్యలో వారింట్లో పెళ్ళి, ఆ వెంటనే ఆయనకు కంటి శస్త్రచికిత్స. ఈ ఎదురుచూపు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. అనారోగ్యంతో ఉన్న పెద్దాయనకు ఫోను చేసి బొమ్మలేమయ్యాయని అడగలేం, అడగకుండా ఉండనూ లేం. ఇంట్లో మావారు అడ్వాన్సు ప్రస్తావన పైకి తేకుండా, "మాస్టారు కులాసాగా ఉన్నారా?" అని రోజూ భోజనాల దగ్గర అడిగేవారు, ఆ ప్రశ్నలోని అసలు ప్రశ్న నాకు తెలుస్తూనే ఉండేది. ఆ నెలల్లో రెండవ పుస్తకం ముసాయిదా రాసుకోవడం ఒక్కటే నన్ను నిలబెట్టింది.

మాస్టారి ఆరోగ్యం బాగున్న రోజుల్లో, అంటే 2023 సంక్రాంతి సెలవుల్లో, జమ్మలమడుగు మీదుగా బెలుం గుహలకు వెళ్ళాం. ఆ గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులు తిరగగలిగేది ఒకటిన్నర కిలోమీటర్ల మేర. లోపల ఎంత ఉక్కగా ఉంటుందో వెళ్ళినవారికి తెలుసు. మాస్టారి కాగితం చెమ్మకు మెత్తబడిపోయి రంగులు తీయడానికే వీలు కాలేదు, పెన్సిలుతోనే గీసుకున్నారు. పైకప్పు ఒకచోట పెద్ద మండపమంత ఎత్తుగా ఉండి, రెండడుగులు వేయగానే తల వంచితే తప్ప నడవలేనంత కిందికి దిగుతుంది. మా ముందు నడుస్తున్న ఒక కుటుంబంలో పెద్దలందరూ నడుములు వంచి పడుతూ లేస్తూ పోతుంటే, వాళ్ళ పిల్లలు నిటారుగా పరుగెత్తి వెనక్కి తిరిగి నవ్వుతున్నారు. మాస్టారు అక్కడే ఆగి, మన పట్టణం వీధులు ఇంత ఎత్తే ఉండాలి, అక్కడ పెద్దవాళ్ళు ఎవరూ నిలబడగలగకూడదు అన్నారు. నా రాతప్రతిలో లేని ఆ ఒక్క ఆలోచన మూడు పుస్తకాలకూ సరిపోయింది. పెద్దలు రాలేని చోటు కనుకనే సమస్యలన్నీ గంగి, చంటి పరిష్కరించుకోవాల్సి వస్తుంది. అమ్మానాన్నలను కథలోంచి తప్పించడానికి వాళ్ళను చంపడమో, ఊరికి పంపడమో చేయనక్కరలేకపోయింది.

పెన్సిలు బొమ్మల్లో కొన్నింటిని మార్చి నెలలో పాఠశాలకు పట్టుకెళ్ళాను. గంగి వదిలిన వస్తువులు పట్టణంలో ఏమయ్యాయో నేను ఎక్కడా రాయలేదు. మాస్టారు మాత్రం నాకు చెప్పకుండానే రిబ్బనును ఒక కావలివాడి ఈటెకు కట్టారు, చెప్పును నీటిలో పడవ చేసి అందులో ఒక ఎలుకను కూర్చోబెట్టారు. నేను చదువుతుండగా ఒక పిల్లవాడు "రిబ్బన్!" అని అరిచాడు. క్షణంలో కాగితం చుట్టూ తలలు మూగి, చెప్పును వెదికే పనిలో నా గొంతు ఎవరికీ వినిపించలేదు. రచయితగా ఒక్క నిమిషం చిన్నబోయిన మాట నిజం. ఇంటికి వచ్చాక, బొమ్మ చూపిస్తున్నదాన్ని మళ్ళీ మాటల్లో చెబుతున్న వాక్యాలన్నీ కొట్టేస్తే ఎనిమిది పేజీలు తగ్గాయి. గంగికి తెలిసింది మాటల్లో, ఆమె ఇంకా గమనించనిది బొమ్మలో ఉండాలని అప్పటి నుంచి మేమిద్దరం పెట్టుకున్న కట్టుబాటు. ఐదవ అధ్యాయంలో మొదటిసారి నోరు విప్పే కలివికోడి రెండవ అధ్యాయం నుంచే ఏదో ఒక స్తంభం వెనక నిలబడి ఉంటుంది. అది పలికిన తరువాత పిల్లలు ఆగి, పుస్తకాన్ని మొదటికి తిప్పి, ఎక్కడెక్కడ ఉందో వెదుక్కుని గాని ముందుకు పోరు. మాటలు సరిగా చదవలేని చిన్నపిల్లలు ఈ వెదుకులాటలో పెద్దపిల్లల కంటే ముందుండటం మేము అనుకోని లాభం. అక్కకు తెలియనిది తమ్ముడు చూపించగలిగితే ఆ ఇంట్లో పుస్తకం ఇద్దరిదీ అవుతుంది.

భయం పాలు ఎంత ఉండాలన్నది తేల్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టింది. రాతితల కావలివాడు పేజీ నిండా ఎదురుపడే బొమ్మను ఐదో తరగతివారు మళ్ళీ మళ్ళీ అడిగి చూశారు, రెండో తరగతి పాప ఒకతె దానిపై అరచెయ్యి పెట్టి మూసేసింది. బొమ్మ తీసేయమని కొందరు తల్లిదండ్రులు, ఉంచమని పిల్లలు. చివరికి రెండు పనులు చేశాం. కుడి పేజీ చివరి వాక్యంలో అడుగుల చప్పుడు వినబడేలా చేసి బొమ్మను పేజీ తిప్పిన తరువాతకు జరిపాం, తిప్పాలా వద్దా అన్నది చదివే పిల్లల చేతిలో ఉంటుంది. అదే బొమ్మ మూలన చంటి, ఏమీ పట్టనట్టు చొక్కా జేబులోంచి బొరుగులు తింటూ నిలబడి ఉంటాడు. పాప ఈసారి వేళ్ళ సందుల్లోంచి చూసి, "చంటి తింటాండాడు" అని నవ్వింది.

వరుస పుస్తకాలకు బొమ్మలు వేయించేవారు తప్పకుండా చేయించవలసినది పాత్రల నమూనా పటం. గంగి ఎదురుగా, పక్కగా, వెనకగా ఎలా ఉంటుంది, పాపిడి ఏ వైపు, పావడా రంగేమిటి, చంటి ఆమె భుజం దాకా వస్తాడా మోచేతి దాకానా అన్నది ఒకే కాగితం మీద ఉండాలి. రిబ్బను పోయింది ఎడమ జడదైతే పుస్తకం చివరిదాకా ఎడమ జడే విడిపోయి ఉండాలి. పెద్దవాళ్ళెవరూ కనిపెట్టని ఇలాంటి తేడాలు పిల్లల కంటికి ముందుగా ఆనతాయి. అట్ట లోపలి వైపు పటం కూడా వేయించాం. పాపఘ్ని కమలాపురం దగ్గర పెన్నలో కలవడం, ఎగువన పెన్న మీద గండికోట, దిగువన సిద్ధవటం కోట, లంకమల అడవి ఇందులో నిజమైనవి, కొండ కింది దారులు కల్పన. గండీ గండికోటా ఒకటేనా అని అడిగే పిల్లలందరికీ ఆ పటం మీద వేలు పెట్టి అవి రెండూ వేరు వేరు నదుల మీద ఉన్నాయని చూపించగలుగుతున్నాను.

జూలైలో పేజీల కూర్పు మొదలైంది. ఇది నేను ఊహించని తలనొప్పి. నేను యూనికోడులో, అంటే ఏ కంప్యూటరులోనైనా కనబడే అక్షరాల పద్ధతిలో, టైపు చేసుకున్నాను. మా ఊళ్ళో నేను వెళ్ళిన డీటీపీ కేంద్రాలు పాత పద్ధతి ఫాంట్లలో పనిచేస్తున్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి మార్చగానే కొన్ని ఒత్తులు మాయమయ్యాయి, కొన్ని వేరే అక్షరానికి అంటుకున్నాయి. ఒక ప్రూఫులో దిద్దినవి సరిగా వచ్చి కొత్తవి పుట్టుకొచ్చేవి. చివరికి యూనికోడులోనే ఇన్‌డిజైన్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో పేజీలు పెట్టగల ఒక కుర్రవాడు దొరికాడు, పేజీకి 150 చొప్పున 48 పేజీలకు 7,200 తీసుకున్నాడు. మండలి ఫాంటు, పద్దెనిమిది పాయింట్లు. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం బాగా పెంచవలసి వచ్చింది, పెంచగానే పేజీలు పొంగాయి. అచ్చులో ఫారం అంటే పదహారు పేజీలు కనుక 48 దాటితే ఖర్చు 64 పేజీలకు దూకుతుంది. ఒక అధ్యాయాన్ని మొత్తంగా రెండవ పుస్తకానికి జరిపి 48లో సర్దాము.

పుస్తకాన్ని గుర్తించడానికి దానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య, ఐఎస్‌బీఎన్, మన దేశంలో ఉచితమని చాలామందికి తెలియదు. ఒక మధ్యవర్తి నన్ను 2,500 అడిగాడు. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థకు ఆన్‌లైన్‌లో సొంతంగా దరఖాస్తు చేసుకుంటే ఏమీ కట్టనక్కరలేదు, నాకు మూడు వారాల పైన పట్టింది. వరుసలో ప్రతి పుస్తకానికీ వేరు సంఖ్య కావాలి. అచ్చయ్యాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతిని ముప్పై రోజుల్లోగా మన ఖర్చుతో పంపాలి. వేయి ప్రతుల లెక్కలో అవి ముందే తీసి పక్కన పెట్టుకోవడం మంచిది.

ముద్రణకు విజయవాడలో ఒక ప్రెస్సు కుదిరింది. పావు క్రౌను సైజు, నాలుగు రంగులు, వేయి ప్రతులకు 62,000. అంతకు తక్కువ ప్రతులకు ఆఫ్‌సెట్ ముద్రణలో ఒక్కో ప్రతి ధర బాగా పెరిగిపోతుంది. పుస్తకం ఏ కాగితం మీద అచ్చవుతుందో ఆ కాగితం మీదే ప్రూఫు కావాలని పట్టుబట్టి 1,400 అదనంగా ఇచ్చాను, అది కలిసొచ్చిన ఖర్చు. కంప్యూటరు తెరపై వెలిగిపోయిన రాత్రి దృశ్యాలు మాప్‌లితో అనే మామూలు పుస్తకాల కాగితం మీద బొగ్గు పూసినట్టు వచ్చాయి, స్తంభం వెనక కలివికోడి పూర్తిగా కనిపించకుండా పోయింది. అది కనిపించకపోతే పుస్తకమే లేదు. రాత్రి నీలాన్ని బాగా తేలిక చేయించి, కాగితాన్ని మెరుపు లేని ఆర్టు పేపరుకు మార్చాం. మెరుపు కాగితం మీద ట్యూబులైటు వెలుతురు పడితే అక్షరాలు కనబడవు, పిల్లలు చదివేది ఎక్కువగా ఆ వెలుతురులోనే.

బాలల దినోత్సవానికి రావలసిన పుస్తకాలు 2023 నవంబరు 17న వచ్చాయి. గ్రంథాలయ వారోత్సవాలు ఇంకా జరుగుతుండటంతో పరువు దక్కింది. రవాణా 1,600 కలిపి మొత్తం 1,04,000 అయింది. వెల 150 పెట్టాను. పుస్తకాల దుకాణాలు నలభై శాతం తగ్గింపు అడుగుతాయి, అమ్ముడయ్యాక డబ్బిస్తాయి. అంటే ప్రతికి మనకు వచ్చేది 90, వేయి ప్రతులూ వాటి ద్వారానే పోయినా పెట్టుబడి తిరిగి రాదు. ఈ లెక్కను ముందుగా వేసుకున్నవారు తక్కువ. నేను సగానికి పైగా పాఠశాలల్లో, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒక మిత్రుల స్టాలు మూలన నిలబడి చేతుల మీద అమ్మాను. ప్రదర్శనలో పిల్లలు పుస్తకం తీసుకున్నది అట్ట చూసి, కొనిపించుకున్నది మాత్రం లోపలి పటం చూసి. పటం దగ్గర ఆగిన పిల్ల ఖాళీ చేతులతో పోవడం అరుదు. మొదటి ముద్రణ ఆగస్టు నాటికి అయిపోయింది, చేతిలో మిగిలినది పెద్దగా చెప్పుకోదగిన మొత్తం కాదు.

అన్నిటికంటే ఎక్కువ ఉత్తరాలు తెచ్చిపెట్టింది, పేజీ ఖాళీగా ఉందని చివర చేర్చిన "ఇందులో నిజమైనవి" అన్న పేజీ. కలివికోడి నిజంగా ఉన్న పక్షి అని, 1900 ప్రాంతం తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్నాక 1986లో మా జిల్లాలో లంకమల వైపు మళ్ళీ దొరికిందని, అది రాత్రిపూట తిరుగుతుందని, దాని రొమ్ము మీద రెండు పట్టీలు ఉంటాయని అందులో రాశాను. పిల్లలు మళ్ళీ పుస్తకం తిరగేసి ప్రతి బొమ్మలోనూ పట్టీలు లెక్కపెట్టారు. మాస్టారు ఎక్కడా ఒక్కటి కూడా వదలలేదు, ఆయనకు ఆ సంగతి చెప్పినప్పుడు చాలా సంతోషించారు. అబద్ధమని తెలిసిన కథలో ఒక మూల నిజం దొరికితే, మిగతాదాంట్లో ఇంకెంత నిజముందోనన్న అనుమానం పిల్లలను మళ్ళీ లోపలికి లాగుతుంది. తోరణం నిజమా అని అడిగినవారికి మాత్రం గండికి వెళ్ళి చూసి రమ్మని జవాబు రాస్తున్నాను.

రెండవ పుస్తకం 2025 ఫిబ్రవరిలో వచ్చింది. 64 పేజీలు, 1,32,000 ఖర్చు, వెల 180. మొదటిదానికీ దీనికీ నడుమ ఏడాదికి పైగా ఎడం రావడం వల్ల, మొదట్లో నాతో వాదించిన ఐదో తరగతివారు ఏడో తరగతికి చేరారు. ఇది చిన్నపిల్లల పుస్తకమని పైకి అంటూనే తమ్ముళ్ళ దగ్గర లాక్కుని చదివారు. వరుస మొదలుపెట్టేవారు రెండవ భాగం రాతప్రతి చేతిలో పెట్టుకున్నాకే మొదటిది అచ్చుకు ఇవ్వాలని నేను చెప్పేది ఇందుకే, పిల్లల వయసు మన కోసం ఆగదు. పాత కథను గుర్తుచేయడానికి జరిగిన కథ అంటూ పేజీలు నింపలేదు. గంగి అంతవరకు వదిలిన వస్తువులన్నీ బారుగా పేర్చిన ఒకే బొమ్మ మొదట వేశాం. ఒక్కొక్క వస్తువు మీద వేలు పెట్టి పాతపిల్లలు కొత్తపిల్లలకు కథంతా తామే చెప్పుకున్నారు. ప్రతి పుస్తకంలోనూ ఆ పుస్తకపు చిక్కు అక్కడే విడిపోవాలని, పెద్ద ప్రశ్న ఒక్కటే మిగలాలని కూడా నియమం పెట్టుకున్నాను. మధ్యలో తెగిపోయిన కథను కొనిపించి డబ్బులు తీసుకోవడం పిల్లల విషయంలో న్యాయంగా తోచలేదు.

మూడవదానికి పెన్సిలు బొమ్మలు సగం వచ్చాయి. వదిలిన వస్తువులన్నీ చివరికి గంగికి తిరిగి దక్కాలా వద్దా అన్న దగ్గర పాఠశాల పిల్లలు రెండు జట్లుగా చీలిపోయారు. దక్కకూడదు, ఇచ్చేసింది ఇచ్చేసినట్టే అని పెద్ద జట్టు. కనీసం చెప్పయినా ఇవ్వాలి, ఒంటి చెప్పుతో ఎన్నాళ్ళు తిరుగుతుందని చిన్న జట్టు. మాస్టారు పెద్ద జట్టులో చేరారు. నేను ఇంకా ఏదీ తేల్చుకోలేదు. తేలేదాకా చివరి బొమ్మకు రంగులు వేయవద్దని మాత్రం ఆయనకు ఫోను చేసి చెప్పాను, రంగులు పడ్డాక మార్పుకు 500 కదా.